బ్రెయిన్ ట్యూమర్ బయాప్సీలో ఈజీఎఫ్‌ఆర్ పరీక్ష: సీసా నుంచి రిపోర్టు దాకా

రిపోర్టు అడుగున ఒక్క ముక్క ఉంటుంది: "ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్". పార్వతీపురం నుంచో పాడేరు నుంచో విశాఖపట్నం వచ్చిన కుటుంబం ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిరుగుతుంది. ఒకచోట "రోగం ముదిరింది" అంటారు, ఇంకోచోట "దీనికి మాత్రలున్నాయి కదా" అంటారు. ఆ కాగితం ఇద్దరికీ సరైన సమాచారం ఇవ్వలేదు. ఏ పరీక్షతో చూశారు, ఏ యాంటీబాడీ వాడారు, ఎంత శాతం కణాల్లో రంగు వచ్చింది, ఐడీహెచ్ అనే మరో జీను సంగతేమిటి అన్నవి పక్కన లేకపోతే ఆ "పాజిటివ్" వల్ల రోగికి ఏ ఉపయోగమూ లేదు.

ఇది న్యూరోసర్జరీ, పాథాలజీ పీజీ విద్యార్థులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు రాసింది. బ్లాకు (ముక్కను పొదిగిన మైనపు దిమ్మ) చేతపట్టుకుని తిరిగే కుటుంబ సభ్యులకు పనికొచ్చే సంగతులు చివర్లో ఉన్నాయి.

ముందు ఈ పరీక్ష దేనికో తేల్చుకోండి

ఈజీఎఫ్‌ఆర్ అంటే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్. ఇది కణం పొర మీద ఉండే కాలింగ్ బెల్ లాంటిది. బయటి నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి నొక్కితే లోపల కణం విభజనకు సిద్ధమవుతుంది. ఈజీఎఫ్‌ఆర్ జీను 7వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంటుంది. మామూలు కణంలో దీనికి రెండు కాపీలే. పెద్దవాళ్లకు వచ్చే గ్లియోబ్లాస్టోమాల్లో (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్) దాదాపు 40 శాతంలో ఈ జీను పదుల కాపీలుగా పెరిగిపోతుంది. దాన్నే ఆంప్లిఫికేషన్ అంటారు. మెదడు గడ్డల్లో ఈ సంగతి మొదట బయటపడింది 1985లో. ఆంప్లిఫికేషన్ ఉన్న గడ్డల్లో సుమారు సగానికి మరో మార్పు కూడా తోడవుతుంది: జీనులో 2 నుంచి 7 దాకా ఎక్సాన్లు ఎగిరిపోతాయి. ఇది ఈజీఎఫ్‌ఆర్ వేరియంట్ 3. బటన్ ఊడిపోయి, ఎవరూ నొక్కకుండానే మోగుతూ ఉండే బెల్ అన్నమాట.

2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అయిదో ఎడిషన్ ఈ జీనుకు ఒక స్పష్టమైన పని అప్పగించింది. పెద్దవాళ్లలో వ్యాపించే రకం ఆస్ట్రోసైటిక్ గ్లియోమా ఉంది, ఐడీహెచ్ మ్యుటేషన్ లేదు అనుకోండి. మైక్రోస్కోపు కింద నెక్రోసిస్ (కణాలు చచ్చిన చోటు) లేదు, రక్తనాళాల గుత్తులు లేవు, చూడ్డానికి గ్రేడ్ 2 లాగే ఉంది. అయినా మూడు విషయాల్లో ఏ ఒక్కటి కనిపించినా అది గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4. ఆ మూడు ఇవి: ఈజీఎఫ్‌ఆర్ ఆంప్లిఫికేషన్, టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్, 7వ క్రోమోజోమ్ మొత్తం పెరిగి 10వది మొత్తం పోవడం.

ప్రోగ్నోసిస్ (రోగం ముందుముందు ఎలా ఉంటుందన్న అంచనా) విషయంలో ఈ పరీక్ష అసలు బలం ఇక్కడే ఉంది. నెమ్మదిగా పెరిగేదిలా కనిపిస్తున్న గడ్డ నిజానికి నెమ్మదైనది కాదని చెబుతుంది. స్టీరియోటాక్టిక్ బయాప్సీలో నాలుగు మిల్లీమీటర్ల దారంలాంటి ముక్క వచ్చి, అది గడ్డ అంచుదే అయితే, అందులో నెక్రోసిస్ ఎలా దొరుకుతుంది? అక్కడ ఈ పరీక్షే దిక్కు. "గ్రేడ్ 2, ఆరు నెలల తర్వాత ఎంఆర్‌ఐ తీయించండి" అని పంపేయడానికీ, వెంటనే రేడియేషన్ మొదలుపెట్టడానికీ మధ్య తేడా దీని మీద ఆధారపడుతుంది.

నెక్రోసిస్ స్పష్టంగా కనబడి, ఐడీహెచ్ మ్యుటేషన్ లేదని తేలి, గ్లియోబ్లాస్టోమా అని ఎలాగూ నిర్ధారణ అయిపోయిన గడ్డ సంగతి వేరు. అందులో ఈజీఎఫ్‌ఆర్ ఉందా లేదా అన్నది ఎన్ని నెలలు అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఇవ్వదు. దీనిపై వచ్చిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. అలాంటి రోగికి డబ్బు పరిమితంగా ఉంటే ముందు ఎంజీఎంటీ ప్రమోటర్ మిథైలేషన్ చేయించండి. టెమోజోలమైడ్ అనే కీమో మందు ఎంతవరకు పనిచేస్తుందో చెప్పేది అది. ఈజీఎఫ్‌ఆర్ కాదు.

థియేటర్‌లో

పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ల్యాబులో కాదు, ముక్క థియేటర్ దాటకముందే. బూడిదరంగు జెల్లీలాంటి చిన్న ముక్కను పొడి గాజుగుడ్డ మీద పెట్టి, కేసు అయ్యేదాకా ట్రాలీ మీద వదిలేస్తారు. ఏసీ గాలికి అంచులు ఎండిపోతాయి. ఎండిన అంచు ఐహెచ్‌సీలో (యాంటీబాడీతో ప్రొటీన్‌కు రంగు వేసి చూసే పరీక్ష) గోధుమరంగు గీతలా వెలుగుతుంది, తెలియని కన్ను దాన్ని పాజిటివ్ అనుకుంటుంది. సెలైన్‌లో గంటలకొద్దీ నానబెట్టినా నష్టమే, కణాలు ఉబ్బి చెడిపోతాయి. ముక్క చేతికి వచ్చిన వెంటనే ఫార్మలిన్‌లో వేయండి.

కాంట్రాస్టుకు వెలిగే అంచు నుంచి ఒక ముక్క, దాని బయట కలిసిపోయినట్టున్న భాగం నుంచి సర్జరీలో ఎలాగూ తీయాల్సి వస్తే మరొకటి, విడివిడి సీసాల్లో పంపండి. నట్టనడుమ మెత్తబడ్డ చచ్చిన భాగం ఎంత పంపినా దండగే, అందులో లెక్కపెట్టడానికి న్యూక్లియస్‌లు మిగలవు. రెండు చోట్ల నుంచి ఎందుకంటే, ఈ గడ్డల్లో ఒక కణంలో ఈజీఎఫ్‌ఆర్ పెరిగి ఉంటే దాని పక్క కణంలో పీడీజీఎఫ్‌ఆర్ఏ అనే మరో రిసెప్టర్ జీను పెరిగి ఉండే సందర్భాలు ఉన్నాయి. ఒక మూలలో నెగటివ్ వచ్చినంత మాత్రాన గడ్డంతా నెగటివ్ అనలేం.

ఫ్రోజెన్ సెక్షన్‌కు మొత్తం ముక్క ఇచ్చేయకండి. స్క్వాష్ స్మియర్‌కు ఆవగింజంత చాలు. కాటరీతో మాడిన ముక్కలో డీఎన్‌ఏ పరీక్షలు సరిగా రావు.

ఫార్మలిన్

నల్లా నీళ్లు తొమ్మిది పాళ్లు, ఫార్మలిన్ ఒక పాలు కలిపి సీసాలో పోయడం ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. మెదడు గడ్డకు ఇది రెండింతలు చెరుపు. బఫర్ లేని ఫార్మలిన్ ఆమ్లంగా మారుతుంది. గడ్డలో రక్తం ఎక్కువ కాబట్టి ఆ ఆమ్లం హీమోగ్లోబిన్‌తో కలిసి నలుపు తిరిగిన గోధుమరంగు పొడిని మిగులుస్తుంది. ఐహెచ్‌సీలో మనం వెతికేదీ గోధుమరంగే.

లీటరు న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌కు లెక్క ఇది: 37 నుంచి 40 శాతం ఉండే బజారు ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. లవణాలు ముందు నీళ్లలో పూర్తిగా కరిగాకే ఫార్మలిన్ పోయండి. పీహెచ్ 7 దగ్గర ఉండాలి. ముక్క పరిమాణానికి కనీసం పదింతల ద్రవం పోయాలి. మూతి వెడల్పుగా ఉన్న సీసా వాడండి. సన్నమూతి సీసాలోకి మెత్తటి ముక్కను కూరితే అది గట్టిపడ్డాక బయటికి రాదు, లాగితే నలుగుతుంది.

ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది. కాబట్టి పెద్ద ముక్కను అందగానే 3 నుంచి 4 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి మళ్లీ వేయండి. మొత్తం సమయం 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. శనివారం సాయంత్రం సర్జరీ అయితే సోమవారం ఉదయం గ్రాసింగ్‌కు (ముక్కను చూసి కోయడానికి) ఇంకా టైమ్ ఉంటుంది. సోమవారం కూడా సెలవైతే, సంక్రాంతి మూడు రోజులూ కలిసొస్తే గడువు దాటిపోతుంది. డీఎన్‌ఏ ముక్కలై, సీక్వెన్సింగ్‌లో లేని మ్యుటేషన్లు ఉన్నట్టు చూపిస్తుంది. సెలవులకు ముందు రోజు అందిన సీసాల విషయం డ్యూటీలో ఉన్నవాళ్లకు చెప్పి, ప్రాసెసర్‌లో పెట్టించండి. సీసా మీద రోగి పేరు, నంబరుతో పాటు "ఫార్మలిన్‌లో వేసిన టైమ్" అని ఒక గీత ఉంచండి. మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైన జాగ్రత్త ఇదే.

సూది బయాప్సీ దారాలను క్యాసెట్‌లో అలాగే వేస్తే రంధ్రాల్లోంచి జారిపోతాయి. ఫిల్టర్ పేపరులో మడిచి, ఒక చుక్క ఇయోసిన్ వేయండి. మైనంలో పోసేటప్పుడు తెల్లటి దారం కనబడదు, గులాబీరంగుది కనబడుతుంది.

బ్లాకు ఒకేసారి కోయండి

హెచ్ అండ్ ఈ (మామూలు రంగు వేసిన స్లైడు) చూసి, రెండు రోజులాగి ఐడీహెచ్‌కు కోసి, వారం తర్వాత ఈజీఎఫ్‌ఆర్‌కు మళ్లీ కోస్తే చిన్న బయాప్సీ ఖాళీ అయిపోతుంది. లెక్క వేయండి. 4 మైక్రాన్ల మందంతో 20 సెక్షన్లంటే 80 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. బ్లాకును మళ్లీ మైక్రోటోమ్‌కు బిగించి ముఖం సమం చేసేటప్పుడు పోయేది ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. కాబట్టి గ్లియోమా అనుమానం రిక్విజిషన్ ఫారంలో ఉంటే మొదటి రోజే 15 నుంచి 20 సెక్షన్లు వరుసగా కోసి, వరుస నంబర్లు వేసి పెట్టుకోండి. మొదటిదీ చివరిదీ హెచ్ అండ్ ఈ చేయాలి. చివరిదాంట్లో కూడా గడ్డ ఉందని తేలితేనే మధ్యవాటిని నమ్మొచ్చు.

సెక్షన్లు పాజిటివ్ చార్జ్ ఉన్న స్లైడ్ల మీదే ఎత్తండి. విశాఖ గాలిలో తేమ సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. వానాకాలంలో స్లైడును నిలబెట్టి పది నిమిషాలు ఆరబెట్టి ఓవెన్‌లో పెడితే సెక్షన్ కింద నీటి పొర మిగిలిపోతుంది, యాంటిజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ కప్పేసిన ప్రొటీన్‌ను మళ్లీ బయటపెట్టే మెట్టు) మరుగులో సెక్షన్ లేచి తేలిపోతుంది. అరగంట నిలువుగా ఆరనిచ్చి, తర్వాత 60 డిగ్రీల దగ్గర గంట ఉంచండి. రంగు వేయని స్లైడ్లను సిలికా జెల్ సంచితో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచండి. నెలలు గడిచిన స్లైడులో యాంటిజెన్ తగ్గిపోతుంది. దాంట్లో వచ్చిన నెగటివ్‌ను నమ్మకండి.

ఐహెచ్‌సీ

వరుస అందరికీ తెలిసిందే: జైలీన్ రెండుసార్లు, ఒక్కోటి 10 నిమిషాలు. ఆల్కహాల్ మెట్లు, నీళ్లు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు. యాంటిజెన్ రిట్రీవల్. ప్రైమరీ యాంటీబాడీ, పాలిమర్, డీఏబీ, హిమటాక్సిలిన్.

తేడా కొట్టేది రిట్రీవల్ దగ్గర. ఈజీఎఫ్‌ఆర్‌కు చాలా క్లోన్‌లు (యాంటీబాడీ రకాలు) ఉన్నాయి. కొన్నిటికి వేడి కావాలి, కొన్నిటికి ఎంజైమ్ కావాలి. ఉదాహరణకు 31జీ7 క్లోన్‌ను ఎంజైమ్‌తో వాడతారు. మిగతా ఐహెచ్‌సీలన్నీ ప్రెషర్ కుక్కరులో పెడుతున్నాం కదా అని దీన్నీ పెడితే రంగు రాదు, రిపోర్టు "నెగటివ్" అవుతుంది. ఎంజైమ్ ఎక్కువసేపు ఉంచితే కణాల అంచులు కరిగి, పొర మీద ఉండాల్సిన రంగు పాకినట్టు కనిపిస్తుంది. డేటాషీటు చెప్పిన టైమ్‌కు అటూ ఇటూ మూడు స్లైడ్లు పెట్టి, మీ ల్యాబుకు ఏది కుదిరిందో రాసి గోడకు అంటించండి. మరో తేడా, కొన్ని క్లోన్‌లు మామూలు ఈజీఎఫ్‌ఆర్‌ను మాత్రమే పడతాయి, కొన్ని వేరియంట్ 3ని కూడా పడతాయి. అందుకే క్లోన్ పేరు లేని రిపోర్టుకు అర్థం సగమే.

కిట్ కాగితం మీద "రూమ్ టెంపరేచర్" అంటే 20 నుంచి 25 డిగ్రీలని. మే నెలలో ఏసీ ఆగిపోయిన విశాఖ ల్యాబులో గది 34 డిగ్రీలుంటే అది రూమ్ టెంపరేచర్ కాదు, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. ఏసీ ఉంటే దాని గాలి తిన్నగా స్లైడ్ల మీదకు కొట్టకూడదు. తడి టిష్యూ పేపరు అడుగున పరిచిన మూతపెట్టె వాడండి.

పాజిటివ్ కంట్రోల్‌గా చర్మం పెట్టండి, ఎపిడెర్మిస్ అడుగు వరుస కణాల పొర మీద రంగు రావాలి. ప్లాసెంటా కూడా మంచిదే. ప్రైమరీ యాంటీబాడీ వేయని నెగటివ్ కంట్రోల్‌ను ప్రతి రోగి సొంత ముక్క మీదే చేయండి. ఫార్మలిన్ పొడి గానీ, పాత రక్తస్రావం మిగిల్చిన హీమోసిడరిన్ గానీ ఉంటే ఆ స్లైడులోనూ గోధుమరంగు కనిపిస్తుంది. దాంతో విషయం తేలిపోతుంది.

చదివేటప్పుడు నెక్రోసిస్ పక్క అంచులనూ, సెక్షన్ చివరలనూ వదిలేయండి. పొర మీద రంగును 0 నుంచి 3 దాకా వేసి హెచ్ స్కోరు కట్టండి. రంగు లేనివి 30 శాతం, పలుచగా ఉన్నవి 20, మధ్యస్థం 20, గాఢం 30 అనుకుందాం. 20 ఒకట్లు 20, 20 రెళ్లు 40, 30 మూళ్లు 90. మొత్తం 150, గరిష్ఠం 300.

ఈ 150ని చూసి "ఆంప్లిఫైడ్" అని మాత్రం రాయకండి. జీను పెరిగిన గడ్డల్లో దాదాపు అన్నిటా ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. ప్రొటీన్ ఎక్కువున్న ప్రతి గడ్డలో జీను పెరిగి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది జీను ఆంప్లిఫికేషన్‌ను. కాబట్టి గ్రేడు మార్చాల్సిన సందర్భంలో ఐహెచ్‌సీ ఒక్కటే సరిపోదు, ఫిష్ (మెరిసే ప్రోబ్‌లతో జీను కాపీలు లెక్కించే పరీక్ష) గానీ సీక్వెన్సింగ్ ప్యానెల్ గానీ కావాలి. ఐహెచ్‌సీ అసలు రంగే రాకపోతే, కంట్రోల్ బాగా వచ్చిందంటే, ఆంప్లిఫికేషన్ ఉండే అవకాశం చాలా తక్కువ. వడపోతకు మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఫిష్ పరీక్ష

రెండు ప్రోబ్‌లు ఉంటాయి, ఒకటి ఈజీఎఫ్‌ఆర్ జీనుకు, రెండోది 7వ క్రోమోజోమ్ సెంట్రోమియర్‌కు. రంగులు కిట్‌ను బట్టి మారతాయి. ఇక్కడ జీను ఎరుపు, సెంట్రోమియర్ ఆకుపచ్చ అనుకుందాం.

పెప్సిన్ దగ్గర జాగ్రత్త. మెదడు కణజాలంలో కొల్లాజెన్ తక్కువ. రొమ్ము క్యాన్సర్ ముక్కకు పెట్టుకున్న టైమ్ ఇక్కడ తరచుగా ఎక్కువవుతుంది, న్యూక్లియస్‌లు బొరియలు పడ్డట్టు కనిపిస్తాయి. తక్కువతో మొదలుపెట్టి డీఏపీఐ వేసి చూడండి. న్యూక్లియస్ అంచు గుండ్రంగా, స్పష్టంగా ఉండి, చుట్టూ పచ్చటి మసక లేకపోతే చాలు. ప్రోబ్ 10 మైక్రోలీటర్లు, 22 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్, చుట్టూ రబ్బర్ సిమెంట్. 37 డిగ్రీల దగ్గర 14 నుంచి 18 గంటలు. రాత్రి కరెంటు పోతే హైబ్రిడైజర్ చల్లబడుతుంది, కాబట్టి యూపీఎస్ మీద పెట్టాల్సిన మొదటి యంత్రం అదే. మర్నాడు 72 డిగ్రీల వాష్ రెండు నిమిషాలు. థర్మామీటరు వాష్ జార్‌లోనే ముంచి చూడండి. వాటర్ బాత్ డిస్‌ప్లే 72 చూపిస్తున్నా జార్ లోపల 68 ఉండొచ్చు, అప్పుడు అంతటా చుక్కలే చుక్కలు.

ఇక చదవడం. మూడు రకాల చిత్రాలు కనిపిస్తాయి.

మొదటిది మామూలు కణం: రెండు ఎరుపు, రెండు ఆకుపచ్చ. 4 మైక్రాన్ల కోతలో న్యూక్లియస్ కొంత తెగిపోతుంది కాబట్టి కొన్నింట్లో ఒక్కొక్కటే ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు.

రెండోది అసలైన ఆంప్లిఫికేషన్. ఒకసారి చూస్తే మరవలేరు. ఆకుపచ్చ చుక్కలు రెండో మూడో ఉంటాయి, చుట్టూ న్యూక్లియస్ నిండా కుంకుమ చల్లినట్టు సన్నటి ఎర్ర చుక్కలు. క్రోమోజోమ్ నుంచి విడివడి తిరిగే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద జీను కాపీలు ఉండటం వల్ల అలా చెదురుగా కనిపిస్తాయి. 60 న్యూక్లియస్‌లలో ఎరుపు 1080, ఆకుపచ్చ 180 వచ్చాయనుకోండి, నిష్పత్తి 6. ఇందులో సందేహానికి తావు లేదు.

మూడోదే మనుషుల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎరుపు మూడు నాలుగు, ఆకుపచ్చ కూడా మూడు నాలుగు. 60 న్యూక్లియస్‌లలో ఎరుపు 210, ఆకుపచ్చ 204, నిష్పత్తి 1.03. ఇది 7వ క్రోమోజోమ్ మొత్తం పెరగడం, జీను ఆంప్లిఫికేషన్ కాదు. ఎరుపు చుక్కలు ఎక్కువున్నాయని దీన్ని "పాజిటివ్" అని రాస్తే తప్పు. అలాగని పారేయాల్సిన సమాచారమూ కాదు. 10వ క్రోమోజోమ్ కూడా పోయిందేమో చూడండి. రెండూ కలిస్తే, ఐడీహెచ్ మ్యుటేషన్ లేని ఆస్ట్రోసైటిక్ గడ్డలో అదే గ్రేడ్ 4 ప్రమాణం.

నిష్పత్తి 2 దాటితే ఆంప్లిఫికేషన్ అనడం వాడుకలో ఉన్న పద్ధతి. 1.8, 2.1 లాంటి అంచు విలువలు వస్తే మరో వ్యక్తి చేత మరో చోట ఇంకో 60 లెక్కించండి. కొద్దిపాటి కణాల్లో మాత్రమే కుంకుమ చిత్రం ఉంటే సగటు కిందికి పడిపోతుంది. అప్పుడు సగటు కాదు, ఎంత శాతం కణాల్లో, ఏ ప్రాంతంలో అన్నది రాయాలి. మీ కటాఫ్ ఎంతో కేసు రాకముందే రాసి ఉండాలి, కేసు చూసి నిర్ణయించకూడదు.

పక్క పరీక్షలతో సరిచూసుకోవడం

ఈజీఎఫ్‌ఆర్ ఫలితం ఒంటరిగా నిలబడదు. ఐడీహెచ్1 ఆర్132హెచ్ యాంటీబాడీ గ్లియోమాల్లో వచ్చే ఐడీహెచ్ మ్యుటేషన్లలో సుమారు 90 శాతాన్ని పడుతుంది. రోగికి 55 ఏళ్లు దాటి, గడ్డ గ్లియోబ్లాస్టోమా రూపంలోనే ఉండి, గతంలో తక్కువ గ్రేడు గడ్డ లేకపోతే ఐహెచ్‌సీ నెగటివ్‌తో సరిపెట్టుకోవచ్చు. వయసు తక్కువైతే సీక్వెన్సింగ్ తప్పదు.

ఐడీహెచ్ మ్యుటేషన్, ఈజీఎఫ్‌ఆర్ ఆంప్లిఫికేషన్ రెండూ ఒకే గడ్డలో ఉన్నాయని వస్తే సంతకం పెట్టకండి. ఇవి కలిసి రావడం చాలా అరుదు. స్లైడ్ నంబరు మారిందేమో, ఫ్లోటింగ్ బాత్‌లో ముందు బ్లాకు సెక్షన్ ముక్క తేలి దీని మీద అంటుకుందేమో ముందు చూడండి. 1పీ, 19క్యూ రెండూ పోయిన ఒలిగోడెండ్రోగ్లియోమా విషయంలోనూ అంతే. గుండ్రటి చిన్న కణాలు, వేయించిన కోడిగుడ్డులా న్యూక్లియస్ చుట్టూ ఖాళీలు చూసి ఒలిగో అనుకున్న గడ్డలో ఈజీఎఫ్‌ఆర్ విపరీతంగా పెరిగి, ఐడీహెచ్ నెగటివ్ వస్తే అది చిన్నకణాల గ్లియోబ్లాస్టోమా అయి ఉండొచ్చు. ఈ రెంటినీ కలగలిపితే రోగికి చెప్పే అంచనా పూర్తిగా తలకిందులవుతుంది. ఒలిగో రోగులు ఏళ్ల తరబడి బతుకుతారు.

మిగతా రిసెప్టర్ల సంగతి క్లుప్తంగా: పీడీజీఎఫ్‌ఆర్ఏ 4వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పిల్లల, యువకుల హై గ్రేడ్ గడ్డల్లో దీని పాత్ర ఎక్కువ. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, టీఏసీసీ3 జీన్లు అతుక్కోవడం గ్లియోబ్లాస్టోమాల్లో సుమారు 3 శాతంలో కనిపిస్తుంది, దాన్ని పట్టాలంటే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కావాలి. మెట్ ఆంప్లిఫికేషన్ ఇంకా అరుదు. వీఈజీఎఫ్ రిసెప్టర్‌కు ఐహెచ్‌సీ చేసి ప్రోగ్నోసిస్ చెప్పడం రోజువారీ పనిలో అవసరం లేదు.

రిపోర్టులో రాయాల్సిన వాక్యం

"ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్" బదులు ఇలా రాయండి: "ఫిష్: ఈజీఎఫ్‌ఆర్ ఆంప్లిఫికేషన్ ఉంది. 60 న్యూక్లియస్‌లు లెక్కించాం, నిష్పత్తి 6.0, ఆంప్లిఫైడ్ కణాలు 80 శాతం. ఐహెచ్‌సీ: ఫలానా క్లోన్, హెచ్ స్కోరు 240. ఐడీహెచ్1 ఆర్132హెచ్ నెగటివ్. బ్లాకు నంబరు ఫలానా, ఫార్మలిన్‌లో 22 గంటలు." కింద నిర్ధారణ, గ్రేడు. పరీక్ష కుదరకపోతే "కణజాలం చాలలేదు" అని రాయండి, "నెగటివ్" అని కాదు. ఆ రెండూ ఒకటి కావు. మొదటిది మళ్లీ ముక్క అడిగే అవకాశం ఇస్తుంది, రెండోది దారి మూసేస్తుంది.

కుటుంబానికి చెప్పేటప్పుడు

"బాబూ, ఆ ఊపిరితిత్తుల రోగం ఆయనకి ఈ పేరు సూసే మాత్రలు ఇచ్చారంట, మా నాన్నకీ అదే ఉంది కదా, రాయండి బాబూ" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు తెలుగులో తేలిగ్గా చెప్పొచ్చు: "అమ్మా, పేరు ఒకటే గానీ చెడిన చోటు వేరు. ఊపిరితిత్తుల్లో ఆ రిసెప్టర్ లోపలి భాగం చెడుతుంది, మాత్ర అక్కడ పట్టుకుంటుంది. మెదడు గడ్డలో బయటి భాగం చెడుతుంది, ఆ మాత్ర దీన్ని ఆపలేకపోయింది." గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ గ్లియోబ్లాస్టోమాలో ఫలితం ఇవ్వలేదు. వేరియంట్ 3 మీద తయారైన రిండోపెపిమట్ టీకాను 745 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు, ఆయుష్షు పెరగలేదు. ఇల్లు తాకట్టు పెట్టి ఆ మాత్రలు కొనకుండా ఆపడం మన బాధ్యత.

ఒక్క మినహాయింపు ఉంది. మెదడులోది అక్కడ పుట్టిన గడ్డ కాకుండా ఊపిరితిత్తుల నుంచి పాకినదైతే, ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్ పరీక్ష తప్పనిసరి, మాత్రలు నిజంగానే పనిచేస్తాయి. అది మ్యుటేషన్ పరీక్ష, ఇక్కడ చెప్పిన ఆంప్లిఫికేషన్ పరీక్ష కాదు. రిక్విజిషన్ రాసేటప్పుడు ఏది కావాలో విడమరిచి రాయండి.

గ్లియోబ్లాస్టోమాకు ప్రామాణిక చికిత్స ఈజీఎఫ్‌ఆర్‌ను బట్టి మారదు: 30 విడతల్లో 60 గ్రే రేడియేషన్, దానితో పాటు రోజూ శరీర విస్తీర్ణం చదరపు మీటరుకు 75 మి.గ్రా. టెమోజోలమైడ్, తర్వాత నెలకు అయిదు రోజుల చొప్పున ఆరు విడతలు. 2005లో వెలువడిన 573 మంది అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలలు, టెమోజోలమైడ్ కలిపినవాళ్లలో 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. "ఎన్నాళ్లు" అని అడిగితే మధ్యస్థం అంటే ఏమిటో కూడా చెప్పండి: సగం మంది అంతకన్నా ఎక్కువే బతికారు.

బ్లాకు మోసుకెళ్లేవాళ్లకు

రెండో అభిప్రాయానికి కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో, ఇంకెక్కడికో వెళ్లేటప్పుడు రిపోర్టు జిరాక్సు ఒక్కటీ చాలదు. మైనపు బ్లాకు, రంగు వేసిన స్లైడ్లు, ఎంఆర్‌ఐ సీడీ, సర్జరీ నోట్సు తీసుకెళ్లండి. బ్లాకు అడగడం మీ హక్కు. ల్యాబు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇస్తుంది. తీసుకునే చోటే క్యాసెట్ పక్కన చెక్కిన నంబరు, రిపోర్టు మీది బయాప్సీ నంబరు ఒకటేనా అని అంకె అంకె చూసుకోండి.

బ్లాకుకు ఐసు అక్కర్లేదు, ఎండ మాత్రం తగలకూడదు. ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. వేసవి మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే మెత్తబడి ముక్క కదిలిపోతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది చుట్టి, చేతిసంచిలో పెట్టుకోండి. స్లైడ్లకు ల్యాబులో దొరికే ప్లాస్టిక్ మెయిలర్ అడగండి. కాగితంలో చుట్టిన స్లైడ్లు శ్రీకాకుళం బస్సు దిగేసరికి విరిగిపోతాయి. పరీక్ష అయ్యాక మిగిలిన బ్లాకును అక్కడ వదిలేయకుండా అడిగి తెచ్చుకుని, మొదటి ల్యాబుకు తిరిగి అప్పజెప్పి రిజిస్టరులో రాయించండి. గడ్డ మళ్లీ వస్తే కొత్త ముక్కను పోల్చి చూడాల్సింది దీంతోనే.